పాత ట్రైలర్‌కు నేలలో దించిన రాడ్డు రక్షణ కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు పాత ట్రావెల్ ట్రైలర్లు (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్లు) కొని బాగుచేయించుకుని సెలవుల్లో తిరగడంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చెక్కపని గురించీ రంగుల గురించీ అంత వివరంగా చెప్పిన ఆ వ్యాసంలో ఎర్తింగ్ ప్రస్తావనే లేకపోవడం నన్ను కలవరపెట్టింది. ఇక్కడ టెక్సస్‌లో ఇలాంటి బళ్లకు వైరింగ్ చేసేవాణ్ణి కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటుకు బండి అడుగునుండే ఇనుప చట్రమే, అంటే ఛాసిసే తిరుగుదారి. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుమంటోందంటే బల్బు మార్చే ముందు లైటు ఎర్త్ తీగను ఛాసిస్‌కు బిగించే స్క్రూ చూడాలి. లైటు వెలుగుతుండగా ఆ స్క్రూకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మల్టీమీటర్ అర వోల్టు చూపినా దారిలో ఎక్కడో తుప్పు పట్టినట్టే. రంగూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకి, తీగ చివర కొత్త లగ్ (స్క్రూకు బిగించే లోహపు కొస) పెట్టి బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

ప్రాణం మీదికి తెచ్చేది క్యాంప్‌గ్రౌండ్‌లో బళ్లు ఆపేచోట ఉండే కరెంటు స్తంభం నుంచి తీసుకునే 120 వోల్టుల కరెంటు. తడి నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటే, ఫేజ్ తీగ కరెంటు బండి బాడీకి లీకవుతోందనీ, ఎర్త్ తీగ ఎక్కడో తెగిందనీ అనుమానించి వెంటనే స్తంభం దగ్గర బ్రేకర్ ఆపేయాలి. చాలా పాత బళ్లలో ఎర్త్ తీగే ఉండకపోవచ్చు. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో చేసినట్టే ట్రైలర్ ప్యానెల్‌లోనూ న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసినవాళ్లూ ఉంటారు. అలా కలిపిన బండికి ఎర్త్ లేని రెండు పిన్నుల అడాప్టర్ తిరగేసి పెడితే, తలుపుతో సహా బండి బాడీ అంతా 120 వోల్టులకు చేరుతుంది.

మన ఊళ్లలో గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ పెట్టించిన అలవాటుతో, ట్రైలర్ పక్కన రాగి రాడ్డు దిగ్గొట్టి నిశ్చింతగా పడుకునే మనవాళ్లను చూసి నాకు భయం వేస్తుంది. ఆ రాడ్డు నిరోధం 25 ఓములే అనుకున్నా, 120 వోల్టుల దగ్గర దానిగుండా పారేది 4.8 ఆంపియర్లు మాత్రమే. అంత కొద్దిపాటి కరెంటుకు 30 ఆంపియర్ల బ్రేకర్ పడదు, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. కాపాడేది స్తంభం దాకా తెగకుండా వెళ్లే ఎర్త్ తీగ ఒక్కటే.

ప్లగ్గు పీకి, జనరేటరూ ఇన్వర్టరూ ఉంటే అవీ ఆపి, ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య మీటరు పెడితే ఒక ఓము లోపే రావాలి. అదే ఎర్త్ పిన్నుకూ న్యూట్రల్ పిన్నుకూ మధ్య కలయిక అసలే కనిపించకూడదు. ఈ రెంటిలో ఏది తేడాగా ఉన్నా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చూసేదాకా బండికి కరెంటు పెట్టకూడదు.

వేసవి ప్రయాణాలు మొదలయ్యేలోపే ఈ వివరాలను పాఠకులకు అందించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్