గంజాం పేరు పెట్టి మీరు అమ్మిన మొగలి నీళ్ల గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండీ. మాది ఒడిశాలో గంజాం జిల్లా, బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, మా తాతల కాలం నుంచీ అంతే. మీ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు చాట్‌లో రాశాను, ప్రతిసారీ "నోట్ చేసుకున్నాం మేడం" అన్నారు తప్ప నేను చెప్పేదేంటో ఒక్కళ్లూ పూర్తిగా వినలేదు. అందుకే మొత్తం రాసి పంపుతున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి చివరిదాకా చదవండి.

మే మొదటి వారంలో మీ దగ్గర వేసవి హనీ షీట్ కేక్ కిట్ ఒకటి ఆర్డర్ పెట్టాను, 1,149 రూపాయలు. అందులో 9 బై 13 అంగుళాల ట్రే, తేనె సీసా, మొగలి పూల నీళ్ల సీసా, రెసిపీ కార్డు వచ్చాయి. మామూలుగా ఐతే ఇలాంటి కిట్లు నేను కొనను, పదేళ్ల నుంచి ఇంట్లో చిన్న ఓవెన్లో (ఓటీజీ) కేకులు చేస్తున్నాను, నా కొలతలు నాకున్నాయి. కానీ మా అమ్మమ్మకి 80 ఏళ్లు నిండాయి, ఇచ్ఛాపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ రాయగడ నుంచీ చుట్టాలంతా వస్తున్నారు, 35 మంది, పైగా వేసవి సెలవలు. ఈ ఎండల్లో క్రీమ్ కేకు పెడితే మేడ మీదకి ఎక్కించేలోపే కారిపోతుంది. తేనె కేకైతే క్రీమ్ అక్కర్లేదు, తేనె తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి మర్నాటికి కూడా ఎండిపోదు, ట్రేలోనే ముక్కలు కోసి అందరికీ పంచెయ్యొచ్చు. నాకున్న ట్రే చిన్నది. ఇంట్లో కిందటేడాది మొగలి నీళ్లు కూడా అయిపోయాయి, మా వైపు మొగలి బాగా పూసేది వానాకాలంలో, పూలని కాచి ఆ నీళ్లు తీసే బట్టీలు జోరుగా నడిచేదీ అప్పుడే, మే నెలలో మంచి సరుకు దొరకడం కష్టం.

సరిగ్గా అప్పుడే మీ సీసా ఫోటో కనబడింది. ముందువైపు పెద్ద అక్షరాలతో "గంజాం కేవడా వాటర్" అని, కింద మొగలి పువ్వు బొమ్మ, వెనక సముద్రం ఒడ్డు బొమ్మ. మా జిల్లా పేరు అలా సీసా మీద చూసేసరికి నాకు ఎంత సంతోషమేసిందంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, చూడండి మన ఊరి పువ్వు ఎక్కడిదాకా వెళ్లిందో అని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఎంత బాధగా ఉంటోందో మీకు చెప్పలేను.

ముందు మీ సరుకులో బాగున్నదాని గురించి చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బుల కోసం ఊరికే వంక పెడుతున్నానని మీ వాళ్లొకరు అన్నారు. తేనె బాగుంది. సీసా అడుగున గడ్డ కట్టింది, మా పెద్దత్త చూసి పంచదార పాకం కలిపారే అంది, కాదత్తా, అసలు తేనె కూడా గడ్డ కడుతుంది, గోరువెచ్చటి నీళ్లలో పెడితే కరుగుతుంది అని నేనే మీ తరఫున చెప్పాను, పెట్టి చూపించాను కూడా. ట్రే కూడా బాగుంది. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెసిపీ కార్డు మాత్రం తప్పు. మామూలు పంచదార కేకు రెసిపీ తీసుకుని పంచదార అన్నచోట తేనె అని మార్చేసినట్టుంది. ఒక కప్పు పంచదారకి బదులు ఒక కప్పు తేనె, 180 డిగ్రీలు, 45 నిమిషాలు అని వేశారు. తేనె పంచదార కన్నా తీపి ఎక్కువ, కప్పుకి ముప్పావు కప్పు సరిపోతుంది, తేనెలో నీరు ఉంటుంది కాబట్టి పాలో పెరుగో కాస్త తగ్గించాలి, తేనె పులుపు గుణానికి ఓ పావు చెంచా వంటసోడా పడాలి. అన్నిటికన్నా ముఖ్యం వేడి. తేనె తొందరగా నల్లబడుతుంది, అందుకని ఓ 15 డిగ్రీలు తగ్గించి, పైన రంగు రాగానే అల్యూమినియం ఫాయిల్ కప్పాలి. నాకు తెలుసు కాబట్టి 160లో పెట్టి గట్టెక్కాను. మొదటిసారి చేసే పిల్లలు మీ కార్డు నమ్మితే పైన మాడి మధ్యలో పచ్చిగా ఉన్న కేకు చేతికొస్తుంది, తమకే చేతకాలేదనుకుని ఏడుస్తారు.

అదే కార్డు మీద ఇంకో సంగతి, ఇది చిన్నది కాదు. పైన ఒక బొమ్మ వేశారు, ఇంకా పళ్లు కూడా రాని పసిబిడ్డ నోటికి వాళ్లమ్మ కేకు ముక్క పెడుతున్నట్టు. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదండీ, అందులో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మక్రిముల బీజాలు ఉండొచ్చు, ఓవెన్లో కాలినా అవి చస్తాయన్న గ్యారంటీ లేదు. మా చెల్లి కూతురికి తొమ్మిదో నెల. ఆ బొమ్మ చూసి మా మరదలు దానికీ ఒక ముక్క నలిపి పెడదామని గిన్నెలో వేసింది, నేను చూశాను కాబట్టి తీసేశాను. నేను ఆ టైముకి కింద వంటింట్లో ఉండి ఉంటే? ఆ బొమ్మ తీసెయ్యండి, ఏడాదిలోపు పిల్లలకి వద్దు అని పెద్దగా రాయండి. ఈ ఒక్కటి మాత్రం నా ఉత్తరానికి జవాబు రాసేదాకా కూడా ఆగకుండా చెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి.

మొగలి అంటే మాకేంటో మీకు తెలిసి ఆ పేరు పెట్టారో తెలియక పెట్టారో నాకు తెలీదు కాబట్టి చెప్తాను. మీరు కేవడా అంటారు, ఇక్కడి ఒడియా వాళ్లు కియా అంటారు, మేం మొగలి అంటాం. ఛత్రపూర్, రంగేయిలుండా వైపు సముద్రం పక్క ఇసక నేలల్లో, చేల గట్ల మీద, చెరువు గట్ల మీద పొదలు పొదలుగా ఉంటుంది, ఆకు రెండంచులా ముళ్లు రంపంలా ఉంటాయి. వాసన మగపువ్వుకే. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఆ పూలు కోసి బట్టీకి వేసేవాడు. తెల్లారకముందే వెళ్లాలి, ఎండెక్కితే వాసన పోతుంది, చీకట్లో పాముల భయం. చేతుల నిండా గీతలు ఉండేవి తాతయ్యకి. బట్టీలో డేగు అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్లూ వేసి, మూతకి మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు, ఆ ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్లి నీళ్లలో పెట్టిన ఇంకో రాగి పాత్రలో చల్లారుతుంది. నా చిన్నప్పుడు మా మామయ్య ఆ బట్టీలోనే పనిచేసేవాడు, ఇంటికొస్తే చొక్కా విప్పకముందే గది నిండిపోయేది ఆ వాసనతో.

ఒక పువ్వు ఇంటికి తెస్తే అమ్మ దాన్ని పొరలు పొరలుగా విప్పేది. పైవి పచ్చగా గరుగ్గా ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ తెల్లటి లేత రేకులు, మధ్యలో పిండి లాంటి పుప్పొడి, వేలికి అంటుకుంటే రెండు రోజులు పోదు. ఒక రేకు అప్పకి జడలోకి, ఒకటి నాకు, మిగతావి పెట్టెలో పట్టుచీరల మధ్యకి. శివుడి పూజకి పనికిరాదంటారు గానీ మా ఇంట్లో దాని కన్నా మర్యాద ఉన్న పువ్వు లేదు.

అలాంటి వాసన తెలిసినవాళ్ల ముందు నేను మీ సీసా మూత తీశాను. తియ్యగానే ముక్కులో గుచ్చింది. కారులో వేలాడదీసే సెంటు బిళ్ల ఉంటుంది చూడండి, అలాగ. కొత్త సీసా కదా, ఘాటుగా ఉందేమోలే అనుకున్నాను. కార్డులో బ్యాటర్‌లో మూడు పెద్ద చెంచాలు పొయ్యమన్నారు, నేను పొయ్యలేదు, పూల నీళ్లు ఓవెన్లోకి వెళ్తే వాసన సగం ఆవిరైపోతుంది. కేకు కాలాక, ఇంకా వేడిగా ఉండగానే పుల్లతో చిల్లులు పొడిచి, తేనెలో కొంచెం వేణ్ణీళ్లూ రెండే రెండు చిన్న చెంచాల మొగలి నీళ్లూ కలిపి బ్రష్‌తో పూశాను. నేనెప్పుడూ చేసే పద్ధతే ఇది. చూడ్డానికి కేకు ఎంత బాగా వచ్చిందో, బంగారు రంగులో, పైన తేనె మెరుస్తూ.

సాయంత్రం మేడ మీద నీళ్లు చల్లి చాపలు పరిచాం, గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది, తాటిముంజలు, మజ్జిగ, అన్నీ అయ్యాయి. అమ్మమ్మ తన పెళ్లినాటి బరంపురం పట్టుచీర కట్టుకుని కూర్చుంది. మొదటి ముక్క ఆవిడకే పెట్టాను. ఒక్కసారి కొరికి, ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసి, మెల్లగా చేతి గుడ్డలోకి తీసేసింది. నన్ను బాధపెట్టకూడదని ఏమీ అనలేదు. "ఏటయింది అమ్మమ్మా" అని రెండుసార్లు అడిగితే అప్పుడు చెప్పింది, "సబ్బు నోట్లో ఎట్టుకున్నట్టుందే తల్లీ" అని. పిల్లలు తినలేదు. పెద్దవాళ్లు నా మొహం చూసి సగం సగం తిన్నారు, గొంతులో చేదు దిగిందని తర్వాత ఒప్పుకున్నారు. మామయ్య సీసా తెమ్మన్నాడు. మూత తీసి వాసన చూశాడు, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దుకుని మళ్లీ చూశాడు, మూత పెట్టేసి గోడవారన పెట్టి, కిందకెళ్లి చెయ్యి సబ్బుతో కడుక్కుని వచ్చాడు. "మన పువ్వు ఇందులో లేదమ్మా" అన్నాడు అంతే.

ఆ రాత్రి సీసా వెనక లేబుల్‌ని ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదివాను, కంటికి ఆనని అక్షరాలు. నీళ్లు, ప్రొపిలీన్ గ్లైకాల్, కృత్రిమ సువాసన పదార్థం. అంతే. పువ్వు అన్న మాటే లేదు. తయారైన చోటు గంజాం కాదు, ఒడిశానే కాదు. మా తమ్ముడు కెమిస్ట్రీ చదివాడు, మొగలి వాసనకి ముఖ్యమైన పదార్థం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనీ, దాన్ని ఫ్యాక్టరీలో కూడా తయారు చెయ్యొచ్చనీ చెప్పాడు. చెయ్యండి, అమ్ముకోండి, తక్కువ ధరకి కావాలనుకునేవాళ్లు కొనుక్కుంటారు, కృత్రిమ సువాసన కలపడమే నేరం అని నేను అనడం లేదు. కానీ ముందువైపు ఆ మాటే రాసి అమ్మండి. పువ్వు బొమ్మా మా జిల్లా పేరూ ముందు పెట్టి, నిజాన్ని వెనక చీమతలకాయంత అక్షరాల్లో పెడితే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇదే ఫోన్లో అడిగితే మీ అమ్మాయి ఏమందో తెలుసా, "గంజాం అనేది ఒక స్టైల్ పేరు మేడం" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, మీరు నేర్పిందే చెప్పి ఉంటుంది. గంజాం స్టైల్ కాదండీ, ఊళ్లున్న జిల్లా. గంజాం కేవడా పువ్వుకీ, దాన్నించి తీసే రూహ్‌కీ, అంటే అత్తరు సారానికీ, ఫలానా చోటి సరుకని చెప్పే జీఐ గుర్తింపు ఉంది, 1999 జీఐ చట్టం కింద ఆ పేరు ఇష్టమొచ్చిన సరుకు మీద వేసుకోవడం కుదరదు. మీ సీసా లాంటివి చౌకగా మార్కెట్లో నిండితే బట్టీవాడు పువ్వుకి ఏం రేటిస్తాడు, రేటు లేకపోతే తెల్లవారుజామున ఆ ముళ్లలోకి ఎవరు వెళ్తారు? ఇంకో నష్టం కూడా ఉంది. మొదటిసారి మొగలి రుచి చూసేవాళ్లు మీ సీసాతో చూస్తే, గంజాం మొగలి అంటే సబ్బు వాసన అనుకుని జన్మలో మళ్లీ ముట్టుకోరు.

నాకు కావలసింది ఇది. కిట్ డబ్బు 1,149 తిరిగి ఇవ్వండి, నాకు కూపన్ వద్దు, మీ చాట్‌లో 200 రూపాయల కూపన్ ఇస్తామన్నారు, నేను వాడలేదు, వాడను. లేబుల్ మీంచి గంజాం పేరు తీసెయ్యండి, లేదా నిజంగా ఇక్కడి బట్టీల నుంచి కొని ఆ పేరుతో అమ్మండి, అలా చేస్తే మొదటి సీసా నేనే కొంటాను, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. ఈ బ్యాచ్ కొన్నవాళ్లందరికీ ఇది కృత్రిమ సువాసన అని మెసేజ్ పంపండి. కార్డు మార్చండి, పసిబిడ్డ బొమ్మ గురించి పైన చెప్పాను.

15 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ, లేబుల్ ఫోటోలతో ఫుడ్ సేఫ్టీ వాళ్లకీ ఫిర్యాదు చేస్తాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను.

బిల్లు, సీసా ముందూ వెనకా ఫోటోలు, కార్డు ఫోటో, మీవాళ్లతో చాట్ స్క్రీన్‌షాట్లు జత చేశాను. మిగిలిన మొగలి నీళ్లు పారబొయ్యలేదు, మూత బిగించి పక్కన పెట్టాను, టెస్టుకి కావాలంటే మనిషిని పంపండి, రశీదు మీద సంతకం పెట్టించుకుని ఇస్తాను. జవాబు తెలుగులో గానీ ఒడియాలో గానీ రాయండి, ఇంట్లో మామయ్యకీ అమ్మమ్మకీ చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా