జవాబు చెప్పే మనిషి కావాలి: మీ ప్రెస్ కవరేజ్ సేవపై ఫిర్యాదు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: జూన్ 14 రక్తదాన శిబిరం ఫొటోలు, ఆ తర్వాత మీ సిబ్బంది మమ్మల్ని తిప్పిన తీరు.

ఆర్యా,

ఈ ఉత్తరం మీ హైదరాబాద్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఫోన్లు చేశాను, మెయిళ్ళు పెట్టాను, రాజమండ్రి బ్రాంచికి కాళ్ళరిగేలా తిరిగాను. ఇవేవీ మీదాకా రాలేదనే అనుకుంటున్నాను. వచ్చినా మీరు పట్టించుకోలేదంటే మాత్రం చాలా బాధగా ఉంటుంది.

ప్రపంచ రక్తదాతల దినోత్సవం నాడు మా రక్తదాతల సంఘం శిబిరం పెట్టింది. అదే రోజు ఊళ్ళో మంత్రిగారి పర్యటన. పత్రికల ఫొటోగ్రాఫర్లందరూ అటు వెళ్తారని మాకు ముందే తెలుసు. విలేకరులే చెప్పారు: “మాస్టారూ, మంచి ఫొటో ఒకటి, పేర్లు రాసి, సాయంత్రం ఐదులోపు పంపండి. జిల్లా పేజీలో పెట్టిస్తాం” అని. అందుకే మీ ‘ప్రెస్ కవరేజ్ ప్యాకేజీ’ తీసుకున్నాం, డబ్బు మొత్తం ముందే కట్టాం. కార్యక్రమం నడుస్తుండగానే ఎంపిక చేసిన ఫొటోలను రైటప్‌తో సహా పత్రికల డెస్కులకు అందజేస్తామని మీ బ్రోచర్‌లోనే ఉంది.

మీరు పంపిన ఫొటోగ్రాఫర్ కుర్రాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పనిమంతుడు. వేదిక దగ్గరే నిలబడిపోకుండా మంచాల మధ్య తిరిగాడు. ఆ రోజు ఒక ఆటో డ్రైవరు రక్తమిచ్చి, ఖాకీ చొక్కాతోనే, సూది తీసిన చోట దూది అదిమి మోచెయ్యి మడుచుకుని పడుకున్నాడు. తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న ఒక పాప బత్తాయి రసం గ్లాసు ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకెళ్ళి అతనికి ఇచ్చింది. సరిగ్గా అప్పుడే మీ కుర్రాడు కెమెరా నొక్కాడు. వెంటనే నాకు స్క్రీన్ మీద చూపించాడు కూడా. ఇద్దరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి, వెనక బ్యానర్ మీద తేదీ చదవడానికి వస్తోంది. “ఇదే పంపు బాబూ” అన్నాను. ఇద్దరి పేర్లూ కాగితం మీద రాసిచ్చాను. పత్రికల్లో వేయడానికి పాప తల్లిదండ్రులు సంతకం పెట్టిచ్చిన అంగీకార పత్రం నకలు కూడా అతని చేతికే ఇచ్చాను.

ఒక్క ఫొటో కోసం ఇంత గొడవా అని మీవాళ్ళలో ఒకరు నా మొహం మీదే అన్నారు. అందుకని చెబుతున్నాను. తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎర్ర రక్తకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. వేసవిలో కాలేజీలు మూసేస్తే ఇచ్చేవాళ్ళు తగ్గిపోతారు. జ్యోతి వెలిగిస్తున్న పెద్దమనుషుల ఫొటో చూసి ఎవరూ రక్తమివ్వడానికి రారు, డెస్కులో ఉన్నవాళ్ళకూ అది తెలుసు. పాప చేతిలోంచి గ్లాసు అందుకుంటున్న ఆటో డ్రైవరును చూస్తే వస్తారు. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఫొటో బాగా పడ్డ మర్నాడు మా ఫోన్ ఎలా మోగుతుందో నాకు తెలుసు.

ఐదైంది, ఏ డెస్కుకూ ఫొటో చేరలేదు. విలేకరులు వరసగా ఫోన్లు, “మాస్టారూ, పేజీ వెళ్ళిపోతోంది” అని. మీ కోఆర్డినేటర్‌ను అడిగితే “ఎడిటింగ్‌లో ఉన్నాయి సార్, టెన్షన్ పడకండి” అన్నారు. రాత్రి బాగా పొద్దుపోయాక నా వాట్సాప్‌కు వచ్చాయి. అన్నీ వేదిక ఫొటోలే, పేర్లు లేవు, పెద్దవి చేస్తే మొహాలు చెదిరిపోతున్నాయి. మర్నాడు ఒక పత్రికలో ఫొటో లేకుండా మూడు లైన్లు పడ్డాయి. మిగతావాటిలో అదీ లేదు.

అక్కడితో ఆగితే నేను సర్దుకుపోయేవాణ్ణి. ఆ తర్వాత జరిగిందే నన్ను ఇలా రాయిస్తోంది.

కోఆర్డినేటర్ “నా పని బుకింగ్ వరకే” అని కస్టమర్ కేర్ నంబరిచ్చి చేతులు దులుపుకున్నారు. అక్కడ పాట వినీ వినీ విసిగాక ఒకమ్మాయి పలికింది. “పెళ్ళా సార్, రిసెప్షనా?” అంది. రక్తదాన శిబిరం అన్నాను. “మా సిస్టమ్‌లో ఆ కేటగిరీ లేదు సార్, బర్త్‌డే కింద రాస్తున్నాను” అంది. వద్దమ్మా, ఇది అలాంటి కార్యక్రమం కాదు అని బతిమాలాను. వినలేదు. అప్పటినుంచి మీరు పంపే ప్రతి మెసేజ్‌లోనూ నా పుట్టినరోజు వేడుక ఫిర్యాదు పరిశీలనలో ఉందని రాసి ఉంటుంది. ఒక రోజు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని వచ్చింది. ఏం పరిష్కరించారని ఫోన్ చేస్తే, టికెట్ క్లోజ్ అయింది కాబట్టి ఇక మాట్లాడడానికి కుదరదట, కొత్తగా మళ్ళీ మొదటినుంచి చెప్పాలట. చెప్పాను. అదీ క్లోజ్ చేశారు.

బ్రాంచికి వెళ్తే మేనేజర్ ఎప్పుడూ ‘ఫీల్డ్‌లో’ ఉంటారు. ఒకసారి అద్దాల గదిలో ఆయన భోజనం చేస్తుండగా కౌంటర్ దగ్గరి అబ్బాయి నాతో అదే మాట చెప్పాడు. నేను లోపలికి చూస్తే ఆయన కుర్చీ అటు తిప్పుకున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను సార్, ఎవరూ నన్ను చూసి అలా మొహం తిప్పుకోలేదు. ఒరిజినల్ ఫైళ్ళు అడిగితే హార్డ్ డిస్క్ హైదరాబాద్ వెళ్ళిందని బ్రాంచిలో అంటారు. ఫైళ్ళన్నీ బ్రాంచిలోనే ఉంటాయని హైదరాబాద్ వాళ్ళంటారు. చివరికి ఒకాయన, సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నాయన, “సెలెక్ట్ చేసినవి ఇచ్చేశాం, మిగతావి డిలీట్ అయిపోయాయి” అని ఫోన్ పెట్టేశారు.

డిలీట్ కాలేదు. మా వలంటీరు కుర్రాడు మీ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి నాకు చూపించాడు. అదే పాప, అదే గ్లాసు, మూలన మీ లోగో. కింద మీ ఫోన్ నంబరు, ‘మీ ఈవెంట్‌కు ఇప్పుడే బుక్ చేసుకోండి’ అని. పాప తల్లిదండ్రులు సంతకం పెట్టింది మీ వ్యాపార ప్రకటన కోసం కాదు. మా ఊళ్ళో ఆ బిడ్డ జబ్బు సంగతి నలుగురికీ పనికొస్తుందని పెట్టారు. వాళ్ళమ్మ నన్నడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.

మీ మీద నాకు ఇంత కోపం రావడానికి పాత పరిచయం కూడా కారణం. 2015 గోదావరి పుష్కరాల్లో మా మజ్జిగ పందిరి ఫొటోలు తీసింది మీరే. అప్పుడు మీకు ఊళ్ళో ఒక్క స్టూడియో. సాయంత్రం కాగానే మీరే స్కూటరేసుకుని ప్రతి పత్రికాఫీసుకూ వెళ్ళి ప్రింట్లు, సీడీ ఇచ్చి, పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని వచ్చేవారు. అప్పటినుంచి మా వార్షికోత్సవాలు, మా సభ్యుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు అన్నీ మీకే. తక్కువకు చేస్తామని వేరేవాళ్ళు వచ్చినా పంపేశాం. ఇవాళ మీ కంపెనీలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా?

మా సభ్యుల్లో ఒక లాయరు గారున్నారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుందని ఆయన చూపించారు. మన మధ్య అలాంటి ఒప్పందమేదీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఇక్కడే, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు లావాదేవీకి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయడం ఎలాగూ నా చేతిలో పనే. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఊళ్ళోని సేవా సంఘాలన్నీ ఫొటోలకు ఎవరిని పెట్టుకోవాలని మా సంఘాన్నే అడుగుతాయి. ఈ ఉత్తరం నకలు వాళ్ళందరికీ ఇస్తాను, ప్రెస్ క్లబ్ నోటీసు బోర్డు మీద కూడా పెట్టిస్తాను.

ఆ ఫొటోను మీ పేజీలోంచి వెంటనే తీసేయండి. ఒరిజినల్ ఫైలు, ఆ రోజు తీసిన మిగతా ఫొటోలతో సహా మాకు ఇవ్వండి. డబ్బు విషయం మీరే ఆలోచించుకోండి, ఇవ్వాలనిపిస్తే రక్తనిధికి ఇచ్చేయండి. కానీ ముందు నాకు ఫోన్ రావాలి. మెసేజ్ కాదు, టికెట్ నంబరు కాదు. మీరు గానీ, ఈ సంగతి తేల్చగల అధికారం ఉన్న మనిషి గానీ మాట్లాడాలి. వచ్చే సోమవారం సాయంత్రం దాకా చూస్తాను. మంగళవారం ఉదయం లాయరు గారితో కలిసి కమిషన్ ఆఫీసుకు వెళ్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
రక్తదాతల సంఘం తరఫున,
రాజమహేంద్రవరం

జతపరచినవి: డబ్బు కట్టిన రసీదు నకలు, అంగీకార పత్రం నకలు, మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ప్రింటు, మీ నుంచి వచ్చిన మెసేజ్‌లన్నిటి ప్రింట్లు.