ట్యాబ్ వంచితే రెక్క సరికాదు

సంపాదకుడికి,

బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడల్లా కొత్త జెట్ల గురించి పేజీలకు పేజీలు వస్తాయి. పైపర్ కబ్, 1958లో తొలిసారి ఎగిరిన మన హెచ్‌ఏఎల్ పుష్పక్ లాంటి గుడ్డ తొడిగిన రెక్కల విమానాలను ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

గాల్లో స్టిక్ వదిలితే విమానం ఒక పక్కకు ఒరుగుతోందంటే, రెక్క వెనుక అంచున కదిలే పలకకు, అంటే ఐలరాన్‌కు ట్యాబ్ అనే చిన్న రేకు బిగించి, వంచి పంపేయడం అలవాటైపోయింది. నేరుగా ఎగురుతుంది, నిజమే. రెక్కల కోణాల్లో తేడా మాత్రం అలాగే ఉంటుంది. దిగేటప్పుడు వేగం తగ్గి స్టాల్ (రెక్క గాలి మీద పట్టు కోల్పోయే స్థితి) దగ్గరపడితే రెండు రెక్కలూ ఒకేసారి పట్టు వదలవు, ఒకటి ముందే పడిపోతుంది. ఆ ఎత్తులో సర్దుకునే వ్యవధి ఉండదు.

ముందు తేలికైనవి చూడాలి: రెండు ట్యాంకుల్లో పెట్రోలు సమంగా ఉందా, విమానం పక్కకు జారుతోందేమో చూపే మీటరులో బాల్ మధ్యలోనే ఉందా, ఐలరాన్లు ఒకే తీరుగా ఉన్నాయా. తర్వాతే రెక్క.

హ్యాంగర్ తలుపులు మూసి, మాన్యువల్ చూపిన చోట్ల స్పిరిట్ లెవెల్ పెట్టి బాడీని పొడవునా, అడ్డంగా సమం చేయాలి. ఇందులో తొందరపడితే మిగతా కొలతలన్నీ దండగ. ముందువైపు స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు నైలాన్ దారం బిగించి, రెక్క మొదట్లో దారం ఎంత ఎత్తున ఉందో రెండు వైపులా కొలిస్తే డైహెడ్రల్ (రెక్కలు కొసల వైపు పైకి లేచిన కోణం) తెలుస్తుంది. తోక చివరి రడ్డర్ పోస్టు నుంచి రెండు రెక్కల కొసలకూ టేపు పెడితే దూరం ఒకటే రావాలి. వాషౌట్‌కు (రెక్క మొదట్లో కంటే కొస దగ్గర తగ్గే కోణానికి) డిజిటల్ లెవెల్ కావాలి. దాన్ని గుడ్డ మీద కాక, రిబ్ (రెక్క లోపలి పక్కటెముక లాంటి ముక్క) కిందే పట్టాలి. స్పార్ల మధ్య 750 మి.మీ. ఉంటే అర డిగ్రీ అంటే 6.5 మి.మీ. మాత్రమే, కంటికి ఆనదు.

సరిచేసేది వెనుక స్ట్రట్ (రెక్కను బాడీకి కలిపే ఊతకడ్డీ) కొసన మరలతో తిరిగే ఫోర్క్ దగ్గర. బోల్టు తీసేముందు స్పార్ కింద మెత్త వేసిన స్టాండు పెట్టాలి. స్ట్రట్ పొట్టిదైతే వెనుక స్పార్ కిందికి దిగి లిఫ్ట్ (పైకెత్తే బలం) పెరుగుతుంది, పొడవైతే తగ్గుతుంది. అందుకే ఒరిగే వైపు ఫోర్క్‌ను లోపలికి తిప్పాలి, అదీ అర చుట్టు చొప్పున, ప్రతిసారీ కొలుస్తూ. మాన్యువల్ చెప్పినన్ని మరలు లోపల ఉండాల్సిందే. చుట్లు తిప్పుతూనే పోవాల్సి వస్తే ఆపేయండి. వంగిన స్ట్రట్టో, సాగిన బోల్టు రంధ్రమో, పాత ప్రమాదం మరమ్మతులో పక్కకు జరిగిన ఫిట్టింగో ఉండి ఉంటుంది.

ఫోర్క్ విప్పినప్పుడే స్ట్రట్ కింది కొసలో తుప్పు చూడాలి, నీళ్లు చేరేది అక్కడే. పైపర్ స్ట్రట్ల మీద అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1993లోనే తప్పనిసరి తనిఖీ ఆదేశించింది. పైన రంగు నిగనిగలాడుతుంటే లోపలి సంగతి ఎవరికీ గుర్తురాదు.

పని ముందూ తర్వాతా తీసిన కొలతల కాగితం, లైసెన్సున్న ఇంజినీరు సంతకంతో లాగ్‌బుక్‌లో ఉండాలి. పాత విమానం కొనేవాళ్లు రంగు చూసేముందు ఆ కాగితం అడగాలి.

— ఇద్దరు విమాన నిర్వహణ ఇంజినీర్లు, బేగంపేట, హైదరాబాద్