నా అరచేతిలో వడ్లు పోసిన పిన్నిగారికి, మా అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ కృతజ్ఞతలు

శ్రీరామనవమి వెళ్లి నాలుగు రోజులైంది. అప్పటినుంచీ ఇది రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఎదురుగా చెప్పబోతే పిన్నిగారు "ఊరుకో అమ్మా, థాంక్సులేంటి" అని లోపలికి వెళ్లిపోతారు. అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

నాకు 64 ఏళ్లు. రాజమండ్రిలో ఉంటాను. కరెంటాఫీసు క్యాష్ కౌంటర్‌లో 31 ఏళ్లు పనిచేశాను. గుడికి వెళ్లడమంటే పండక్కోసారి, అదీ మావారు తీసుకెళ్తేనే. 2021లో ఆయన పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకే రిటైరయ్యాను. పొద్దున లేస్తే వెళ్లాల్సిన చోటు లేదు, రాత్రికి వండిపెట్టాల్సిన మనిషి లేడు. అబ్బాయి హైదరాబాద్ వచ్చేయమంటాడు. వెళ్తే పది రోజులు బాగుంటుంది, ఆ తర్వాత అక్కడా చుట్టాన్నే.

ఆ మధ్య దగ్గరివాళ్ల పెళ్లికి వెళ్లాను. అక్షింతల పళ్లెం వరసలో చేతులు మారుతూ వస్తోంది. నా దగ్గరికొచ్చేసరికి పట్టుకున్నావిడ నన్ను దాటించి పక్కావిడకి అందించింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. చాచిన చెయ్యి కొంగులోకి తీసుకున్నాను. మళ్లీ ఏ పెళ్లికీ వెళ్లలేదు.

ఈ జనవరిలో రెండో అంతస్తు పిన్నిగారు తలుపు కొట్టారు. చేతిలో చిన్న గుడ్డ మూట. "గోటి తలంబ్రాలు ఒలుస్తావా అమ్మా? అరకేజీ వడ్లున్నాయి" అన్నారు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా దగ్గర కోరుకొండ భక్తులు భద్రాద్రి రాముడి కల్యాణం కోసమే వరి పండిస్తారు. రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు, వానరుల వేషాలు కట్టి మరీ పొలం దున్నుతారు. ఆ వడ్లు రోట్లో దంచరు, మిల్లుకీ వెయ్యరు. ఊరూరా పంచుతారు. ఒక్కో గింజా గోటితో ఒలవాలి. నవమికి ముందు ఆ బియ్యం భద్రాచలం చేరుతుంది, ఒంటిమిట్టకూ వెళ్తుంది.

నేను వెంటనే "నేను ముట్టుకోవచ్చా పిన్నిగారూ? పెళ్లి తలంబ్రాలు కదా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. నా కుడిచెయ్యి పట్టుకుని, మూట విప్పి, అరచేతిలో గుప్పెడు వడ్లు పోశారు. "సీతమ్మ పెళ్లికి మనమంతా ఆడపెళ్లివారమే. వచ్చి కూర్చో" అన్నారు.

బొటనవేలి గోరు, చూపుడువేలి గోరు మధ్య గింజని ముక్కు దగ్గర పట్టి నొక్కితే పొట్టు టిక్కుమని చీలుతుంది. ఒక పిసరు గట్టిగా నొక్కామా, లోపల బియ్యపుగింజ విరుగుతుంది. విరిగింది తలంబ్రాలకి పనికిరాదు, అక్షతమంటేనే విరగనిది కదా. మొదటి సాయంత్రం నేను ఒలిచినవాటిలో సగం ముక్కలే. నాలుగో అంతస్తు వదినగారు పక్కన చేరి "గింజని కాదు, పొట్టుని నొక్కండి" అని చేసి చూపించారు. ఆ ఒక్క మాటతో నా చెయ్యి తిరిగింది. గింజకోసారి "రామా" అనుకోవాలి. కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టేటప్పుడు నా కన్ను గడియారం మీదే ఉండేది. ఇక్కడ నాలుగింటికి కూర్చుంటే వీధిలైట్లు వెలిగినా తెలిసేది కాదు.

మూడోవారంలో బొటనవేలికి గోరుచుట్టు లేచింది. పది రోజులు ఆ వేలికి పని చెప్పొద్దన్నారు డాక్టరు. ఇంకా సగం వడ్లు అలాగే ఉన్నాయి. రాముడికిచ్చిన మాట తప్పుతానేమోనని ఒకటే టెన్షన్. ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చున్నాను. రెండో రోజు నాతో కలిసి ఒలిచేవాళ్లే పైకి వచ్చారు. ఎవరి వాటా వాళ్లకి ఉన్నా, నా మూట విప్పి గిన్నెల్లోకి పంచుకున్నారు. మన గేటు దగ్గర ఇస్త్రీ బండి అతని కూతురు, ఇంటర్ పరీక్షలు పెట్టుకుని కూడా, రెండు గుప్పెళ్లు పట్టుకెళ్లింది. నాకు మాత్రం ఎడమచేత్తో ముక్కలు ఏరే పని ఇచ్చారు. "నువ్వు రాకపోతే ఎలా, కిందకి రా" అన్నారు. నువ్వు రాకపోతే ఎలా అని నన్ను ఎవరైనా అని ఎన్నేళ్లయిందో.

భద్రాచలం ప్రయాణంలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మలుపులకి నాకు వాంతులు పట్టుకుంటే ముందు సీటు ఖాళీ చేసి ఇచ్చిన అన్నయ్యగారికి, రెండుసార్లు బండి ఆపిన డ్రైవర్ బాబుకి నమస్కారాలు. గోదావరిలో మునిగి లేచాక మూట నా తలమీద పెట్టింది పిన్నిగారే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ గుడి మెట్లు ఎక్కలేకపోయారు. తన మూట కూడా నాకే ఇచ్చి కింద కూర్చున్నారు. ఆ గుడి కట్టించిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా సర్కారు డబ్బు లెక్క చూసిన మనిషే. మెట్లెక్కుతుంటే ఆయనే గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ డబ్బు లెక్కల్లో ఉన్న నాకు ఈ వయసులో పిలుపొచ్చిందంటే, అది పిన్నిగారి చేతి మీదుగానే వచ్చింది.

నవమి నాడు పన్నెండుమందిమి పిన్నిగారింట్లో టీవీ ముందు చేరాం. మిథిలా ప్రాంగణంలో జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు మొదలయ్యాయి. భద్రాద్రిలో గులాల్ కూడా కలుపుతారు కాబట్టి గులాబీరంగులో మెరుస్తున్నాయి. పిన్నిగారు దేవుడి దగ్గరున్న అక్షింతల పళ్లెం తీసుకొచ్చి ముందు నా దగ్గరే ఆగారు. "వెయ్యి" అన్నారు. వేశాను.

పిన్నిగారికి, వదినగారికి, ఆ చిట్టితల్లికి, నా వడ్లు పంచుకున్న ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. వచ్చే ఏడాదినుంచి మన వీధికి వడ్లు తేవడం, ఇంటింటికీ పంచడం, ఒలిచినవి మళ్లీ పోగుచేసి లెక్క అప్పజెప్పడం నేను చూసుకుంటాను. కొత్త పుస్తకం కొన్నాను, మొదటి పేజీలో "శ్రీరామ" రాసి పేర్లు ఎక్కిస్తున్నాను. ఒలవాలనుకునేవాళ్లు ఎవరైనా సరే మూడో అంతస్తుకి రండి. నా పేరు పక్కన ఈసారి కేజీ అని రాసుకున్నాను పిన్నిగారూ.