వార్షిక నివేదిక 2024–25: పోటీల బాటలో మన బడి పిల్లలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మోరీలు, వీధి దీపాలు, బతుకమ్మ ఏర్పాట్ల గురించి అధ్యక్షులు వివరంగా చెప్పారు కాబట్టి వాటి జోలికి పోను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను పోటీలకు తయారు చేసిన పని గురించే ఈ నివేదిక. సంఘం ఈ ఏడాది చేసిన వాటిలో ఎక్కువ కాలం నిలిచేది ఇదేనని నా నమ్మకం.

ముందుగా ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష. సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనం ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లలో 48,000 వస్తాయి. ఆడపిల్లను పదో తరగతితో ఆపేద్దామా అని ఆలోచించే ఇంట్లో ఈ డబ్బు ఎంత పని చేస్తుందో మీకు తెలియంది కాదు. ఎనిమిదో తరగతిలో రాయకపోతే మళ్లీ అవకాశం లేదు. హాస్టల్ వసతి ఉన్న గురుకులాల పిల్లలకు, ప్రైవేటు బడి పిల్లలకు ఇది వర్తించదు.

మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది కాగితాల దగ్గరే. ఆదాయ ధృవపత్రం ఉండదు. తండ్రి పేరు ఆధార్‌లో ఒక రకంగా, బడి రిజిస్టర్‌లో ఇంకో రకంగా ఉంటుంది. దాన్ని సరిచేయించుకోవడానికి మీసేవ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఈసారి రిటైరైన మన సభ్యులు కొందరు ఆ తిరుగుడు తమ మీద వేసుకున్నారు. వాళ్లకు సంఘం తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో క్లాసులు పెట్టాం. పరీక్షలో మ్యాట్ (తర్కం, ఆలోచనా శక్తి చూసేది), శాట్ (బడి పాఠాల మీద వచ్చేది) అని రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. లెక్కలు వచ్చిన పిల్లలు కూడా మొదట్లో టైం చాలక టెన్షన్ పడ్డారు. జవాబుకు గుండ్రం నింపే ఓఎంఆర్ షీటు ముట్టుకోవడం చాలామందికి అదే మొదటిసారి. ఒక పాప బాల్‌పెన్నుతో గుండ్రాన్ని ఎంత గట్టిగా రుద్దిందంటే కాగితానికి చిల్లు పడింది. ఆ రోజు ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఓఎంఆర్ జిరాక్స్ కాపీలు పంచి, గుండ్రాలు నింపడం ఒక్కటే నేర్పించాం. నెగటివ్ మార్కులు లేవని, ఏ ప్రశ్నా వదలొద్దని పదే పదే చెప్పాం.

పిల్లల కొత్త సైన్స్ ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్ సంగతి వేరు. అక్కడ మార్కులు కాదు, ఆలోచన కావాలి. పిల్లల ఆలోచనలను బడి ఆన్‌లైన్‌లో పంపుతుంది. ఎంపికైన వాళ్లకు మోడల్ తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే మోడళ్లు వద్దని, ఇంట్లో వాళ్లు పడే కష్టం ఏదైనా చూసి రమ్మని పిల్లలకు చెప్పాం. ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే ఒకాయన బిడ్డ, ఏడో తరగతి అమ్మాయి, లేచి ఇలా అంది: "మిర్చి బస్తాలు మోసొచ్చిన రోజు మా బాపుకు మెడంతా మండుతది సార్, రాత్రి నిద్ర పట్టదు." ఆ అమ్మాయి మెడకు, భుజాలకు కట్టుకునే ఉతుక్కోదగ్గ మెత్త ఒకటి బొమ్మ గీసింది. బయట మందపాటి గుడ్డ, లోపల దూది, తాళ్లు ఎక్కడ రావాలో బాణం గుర్తులు. మన కాలనీ టైలరక్క పాత గుడ్డతో దాన్ని కుట్టి ఇచ్చింది. వాళ్ల బాపు వేసుకుని చూసి, తాళ్లు చంకలో ఒరుస్తున్నాయని చెబితే మళ్లీ మార్చారు. బడి ఆ ఆలోచనను పంపింది. ఎంపికైనా కాకపోయినా ఆ మెత్త ఇప్పుడు మార్కెట్లో వాడుకలో ఉంది.

సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం సందర్భంగా వ్యాసరచన పెట్టాం. బట్టీ పట్టిన వ్యాసాలు రాకుండా అంశం అక్కడికక్కడే ఇచ్చాం: 'మా వాడలో నాకు నచ్చిన మనిషి'. ఆరో తరగతి బాబు ఒకడు చెత్తబండి అక్క గురించి అర పేజీ రాశాడు. తప్పులున్నాయి. కానీ ఆమె ఈల వినగానే వాళ్ల నానమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలోకి వస్తుందని రాసిన వాక్యం చదివి, జడ్జీలు మొదటి బహుమతి వాడికే ఇచ్చారు. నాకూ అదే న్యాయం అనిపించింది.

చలికాలంలో పిల్లలను రామప్పకు తీసుకెళ్లి, గుడి ముందే డ్రాయింగ్ పోటీ పెట్టాం. 1213 నాటి గుడి అని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని క్విజ్ కోసం అందరికీ నోటికి వచ్చు. ఆ నల్లరాతి మదనికల (నాట్య భంగిమల్లో ఉన్న ఆడవాళ్ల శిల్పాల) ఎదురుగా కూర్చుని గీస్తే గానీ ఆ చెక్కడంలోని పనితనం వాళ్లకు తెలిసిరాలేదు.

ఒక విషయం కచ్చితంగా చెప్పాలి. ఫీజు కట్టించుకుని, రాసిన ప్రతి ఒక్కరికీ మెడల్ ఇచ్చే ఒక ప్రైవేటు పరీక్షకు ఈ ఏడాది కొందరు తల్లిదండ్రులు అప్పు చేసి మరీ డబ్బు కట్టారు. ఇకపై అలాంటి పరీక్షల ఫీజు సంఘం ద్వారా వసూలు చేయకూడదని కమిటీ తీర్మానించింది. ఆ డబ్బుతో మ్యాట్ పుస్తకాలు కొందాం.

వచ్చే ఏడాదికి ఆదాయ ధృవపత్రాల పని జూన్‌లోనే మొదలుపెడతాం. ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైన పిల్లలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేసుకోవాలి, లేకపోతే డబ్బు ఆగిపోతుంది. దానికి కంప్యూటర్ తెలిసిన ఇద్దరు యువకులు కావాలి. ఎనిమిదో తరగతికి వెళ్లే పిల్లలున్న వాళ్లు సభ అయ్యాక పేర్లు రాయించండి. జమా ఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, వరంగల్