బోర్డు మీద రాజు ఒక్కడేనా? సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మ్యూజియాల్లో, పాత కట్టడాల దగ్గర కనిపించే వివరణ బోర్డుల గురించి ఈ లేఖ. బడ్జెట్ ప్రసంగంలో చోటు దొరికేంత పెద్ద విషయం కాదని నాకూ తెలుసు. కానీ చదువు వదిలేసి ఏళ్లు గడిచినవాళ్లు చరిత్రను మళ్లీ చదివేది ఆ బోర్డు మీదే. అక్కడ ఉండేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ కాలం, ఏ రాయి, ఏ రాజు. మిగతా జనం ఆ రోజుల్లో ఏం చేస్తున్నారో బోర్డుకు పట్టదు. ఆధారాలు దొరకలేదంటే సరే, ఎవరైనా ఒప్పుకుంటారు. ఆధారం ఆ రాయి మీదే చెక్కి ఉన్నప్పుడు కూడా రాయకపోవడం గురించే నా ఫిర్యాదు.

అమరావతి స్తూపాన్నే తీసుకోండి. శాతవాహనుల కాలం నాటిదని చెప్పేసి ఊరుకుంటాం. ఆ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న చిన్న చిన్న శాసనాలు చదివితే అది రాజుగారొక్కరి ఖజానాతో లేచింది కాదని తెలుస్తుంది. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు తలా ఒక ఫలకమో స్తంభమో ఇచ్చుకున్నారు. అందులో ఒక శాసనం సారాంశం ఇది: ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు, చర్మకారుడు విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇచ్చిన పూర్ణఘట ఫలకం, అంటే నిండు కలశం చెక్కిన రాయి. తోలుపని చేసే మనిషి, అతని తండ్రి పాఠం చెప్పేవాడు. వృత్తి చెప్పుకోవడానికి అతను మొహమాటపడలేదు, చెక్కినవాళ్లు దాచలేదు, ఆ రాయిని పెట్టనివ్వబోమని ఎవరూ అడ్డం పడినట్టు లేదు. అదే వృత్తివాళ్లను గుడి గడప తొక్కనివ్వని శతాబ్దాలు తర్వాత వచ్చాయి. ఈ మధ్యలో ఏం జరిగింది? పదో తరగతి పిల్లవాడు ఆ రాయి ముందు నిలబడి ఈ ప్రశ్న అడిగితే చాలు, ఏడాదిపాటు చెప్పిన సాంఘికశాస్త్రం ఫలించినట్టే. కానీ అడగాలంటే ముందు విధికుడి సంగతి వాడికి తెలియాలి కదా. అమరావతి శైలి పూర్ణఘటం ఇవాళ ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలో ఉంది. అలాంటి పూర్ణఘటాన్ని ఒక తోలుపనివాడు ఇంటిల్లిపాదితో కలిసి ఇచ్చాడన్న సంగతి మాత్రం శాసనాలు చదివే కొద్దిమంది దగ్గరే ఉండిపోయింది.

అలాగని అమరావతిని సమానత్వపు స్వర్గంగా చూపించమని అడగడం లేదు. అక్కడా ఇచ్చినవాళ్ల పేర్లే ఎక్కువగా రాతికెక్కాయి, ఉలి పట్టినవాళ్ల పేర్లు వెతుక్కోవాల్సిందే. రాళ్లెత్తిన కూలీలెవరన్న కవితా పాదాన్ని సభల్లో అందరూ చదువుతారు, చప్పట్లూ పడతాయి. ఆ ప్రశ్నకు అమరావతి సగం జవాబే ఇస్తుంది. మనం ఆ సగాన్ని కూడా బోర్డు మీదికి తేలేదు.

అధికారం ఏం చెబుతుందో ఎంత ముఖ్యమో, ఎక్కడ చెప్పకుండా ఊరుకుంటుందో కూడా అంతే ముఖ్యం. అశోకుడి పదమూడో శిలాశాసనం సంగతి మీకు తెలిసిందే. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయామని, అందుకు బాధపడుతున్నానని చెప్పేది అదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అది ఉంది. ఆ యుద్ధం జరిగిన కళింగలో, ధౌలి దగ్గర గానీ జౌగడ దగ్గర గానీ అది లేదు! అక్కడ దానికి బదులు వేరే శాసనాలు చెక్కించారు. మనుషులంతా నా బిడ్డలేనని వాటిలో అంటాడు. అంటే దెబ్బ తిన్నవాళ్లకు తప్ప అందరికీ పశ్చాత్తాపం వినిపించాడన్నమాట. ఇంకో సంగతి, ఆ పదమూడో శాసనంలోనే అడవి ప్రజలకు ఒక హెచ్చరిక కూడా ఉంది: నేను బాధపడుతున్నా నా బలం నాకుంది, దారికి రండి, లేకపోతే ప్రాణాలు పోతాయి అని. పాఠాల్లో మొదటి భాగమే మిగిలింది. అశోకుణ్ణి తక్కువ చేయాలని ఇది చెప్పడం లేదు. ఇది కలిపి చదివితే ఆయన రాజులాగా కనిపిస్తాడు, క్యాలెండర్ బొమ్మలాగా కాదు.

సాహిత్యంలోనూ ఇదే తంతు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చు వేయించారు. ఆ మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం దీనికెందుకని నాగరత్నమ్మ అడిగినదాంట్లో తప్పేముంది? టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) ఉండగా ఆ నిషేధం పోయింది. ఒక దేవదాసి రాసింది, మరో దేవదాసి వెతికి తెచ్చింది, మర్యాదస్తులు కాదన్నారు. కావ్యం ఎంత చెబుతుందో ఈ గొడవ కూడా ఆ కాలం గురించి అంతే చెబుతుంది.

బోర్డులు మారిస్తే వివాదాలొస్తాయని మీ అధికారులు అంటారు. మార్చకపోతే రావా? ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అనే బానిసల వ్యాపారికి 1895లో విగ్రహం పెట్టి, నగరం కన్న గొప్ప సజ్జనుల్లో ఒకడని ఫలకం వేశారు. అతని వ్యాపారం గురించి కూడా రాసి రెండో ఫలకం పెడదామని 2018లో మొదలుపెట్టారు. ఏ మాట ఉంచాలి, ఏ మాట తీసేయాలన్న పేచీలోనే కాలం గడిచిపోయింది, చివరికి ఆ ఫలకం పెట్టనే లేదు. 2020 జూన్ 7న జనం విగ్రహాన్ని లాగి పడేసి నీళ్లలోకి తోసేశారు. తర్వాత దాన్ని బయటికి తీసి, నిలబెట్టకుండా పడుకోబెట్టి, మీద పడిన రంగు కూడా తుడవకుండా మ్యూజియంలో ప్రదర్శించారు. నన్నడిగితే ఆ విగ్రహం చరిత్ర చెప్పడం మొదలుపెట్టింది అప్పుడే.

నాకున్న భయం ఇంకొకటి. ఈ లేఖ చదివి ఎవరో ఒకరు పాత పొగడ్త తీసేసి తమ వర్గం పొగడ్త పెడతారేమో, ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు రంగు మారినట్టు మాట కూడా మారుతుందేమో అని. అందుకే నేనడిగేది పెద్ద పథకం కాదు. రాయి మీద ఏముందో దాన్ని తేట తెలుగులో బోర్డు మీద పెట్టించండి. దాన్ని ఎవరు, ఎవరికోసం చేయించారో తెలిసినంతవరకు రాయించండి. ఆ పని పీఆర్ ఏజెన్సీకి అప్పజెప్పకుండా శాసనాలు చదవగలిగినవాళ్లకు ఇవ్వండి. బోర్డు కింద ఆ వాక్యాలు రాసినవారి పేరు, రాసిన సంవత్సరం వేయించండి. అప్పుడు రేపు ఎవరికైనా నచ్చకపోతే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. మొదటి బోర్డు అమరావతి రాళ్ల దగ్గర విధికుడి పేరుతో మొదలుపెడితే మీ శాఖకు అయ్యే ఖర్చు ఒక రేకు, నాలుగు వాక్యాలు.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్రం టీచర్