ఒక రెవెన్యూ ఉద్యోగి గారికి కృతజ్ఞతలు

మా నాన్నగారు పోయిన తరువాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం మా అమ్మగారితో తహసీల్దారు కార్యాలయానికి వచ్చి, వాకిట్లోని మధ్యవర్తి అడిగిన సొమ్ము ఇవ్వడానికి దాదాపు సిద్ధపడిన సమయంలో, మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టిన మీకు ఈ కృతజ్ఞతలు. అఫిడవిట్ ఒక్కటే తక్కువైందని కాగితంపై రాసిచ్చి, దరఖాస్తు అందినట్లు రసీదు కూడా ఇచ్చారు. జాప్యం జరిగితే సమాచార హక్కు చట్టం కింద కొద్దిపాటి రుసుముతో అడగవచ్చని, 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలని మీరే చెప్పారు. తాము పనిచేసే కార్యాలయాన్నే ప్రశ్నించే దారి చూపే ఉద్యోగులు ఎంతమంది ఉంటారు?

పత్రం అందాక అమ్మ ఇవ్వబోయిన కవరును మీరు ముట్టుకోలేదు. “పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చానమ్మా, ఇది తీసుకుంటే సాయంత్రం దీపం ఎలా పెట్టను?” అన్నారు. మా వెనుక నిలుచున్న ముస్లిం పెద్దాయనకూ మీరు అదే ఓపికతో పని చేసిపెట్టడం చూశాక, ఆ మాటలోని భక్తి మీద నాకు గౌరవం పెరిగింది.

2005లో పద్మభూషణ్‌ను తిరస్కరించిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారిని తెలుగువాళ్లం నిజాయతీకి ఉదాహరణగా చెప్పుకుంటాం. ఆయనది పెద్ద హోదా, మీది చిన్న బల్ల. అయినా మిమ్మల్ని చూసి పక్క బల్లలవారు కూడా ఆ మధ్యవర్తిని లోపలికి రానివ్వడం మానేశారని తరువాత విన్నాను. నాయకత్వమని నేను దానినే అంటాను.

మీకు ఇబ్బంది కలుగుతుందేమోనని పేరు రాయడం లేదు. అమ్మ తరఫున, మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.